మిద్దె మీద తిరిగిన చేప

మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అంగడి మిద్దె మీద చేపను దించేస్తా ఉండాం. చూడాలంటే రేపు రా" అన్నాడు. చూడాలంటే రా అట! ఆ చేపను నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారు? మోకాళ్ల నొప్పులను ఇంట్లోనే వదిలేసి, నెల్లూరులో విడవలూరు పక్క పోయే బస్సెక్కి కూర్చున్నాను.

నేను చేరేసరికి అంగడి ముందు కొత్త బోర్డు గోడకు ఆనించి ఉంది. దాని నిండా ఆవగింజలంత దీపాలు. ఒక కుర్రవాడు ఫోన్ మీద వేలు ఆడిస్తుంటే అక్షరాలు పచ్చగా, నీలంగా మారుతూ పరుగెత్తుతున్నాయి. బాగానే ఉంది, కాదనను. పాత చేప మాత్రం గోనెసంచుల మీద పడుకొని ఉంది. చాలా ఏళ్లుగా ఫ్లెక్సీ వెనక దాక్కొని ఉండిపోవడం వల్లనేమో, గాజు ఒక్కచోట కూడా పగల్లేదు. దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగింది, అంతే. వంగి, తోక దగ్గర కొంగుతో తుడిచాను. అక్కడ గాజు మీద పూసిన నల్లరంగు ఇంకా ఉంది. దాన్ని చూడగానే నా ముక్కుకు తారు పూసిన తాళ్ల వాసన కొట్టింది. మా అంగడిలో ఇప్పుడు తారు తాళ్లు అమ్మనే అమ్మరు.

అప్పట్లో మాది వలల అంగడి. సముద్రం ఒడ్డు జాలరి పాలేల నుంచి వచ్చేవాళ్లు వలలు, తాళ్లు, గాలాలు కొనేవాళ్లు. బుచ్చిరెడ్డిపాలెం పక్క నుంచి వచ్చే వరి రైతులు పగ్గాలు, గోనెసంచులు, లాంతర్లు కొనేవాళ్లు. ఇల్లు అంగడి వెనకే. మా ఇంట్లో అన్నానికి కూడా కాస్త తారు వాసన ఉంటుందని అమ్మ పుట్టింటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నాకు ఆ వాసనంటే ప్రాణం. తాళ్ల చుట్టల మధ్య దూరి, పావడా ఒళ్లో వేరుశనక్కాయలు పోసుకొని, పెద్దవాళ్ల మాటలు వింటూ పడుకోవడం నా అసలు ఉద్యోగం. బడి ఆ తరువాత.

ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, నేను, తమ్ముడు, అత్త. అవ్వ అంటే నాయన తల్లి. ఆమె మాటే చట్టం. అత్త ఆమె పెద్దకూతురు, నాయనకు అక్క. భర్త పోయి, నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చేసింది. వంటంతా అత్తదే. మామిడికాయ వేసి ఆమె పెట్టే చేపల పులుసు మర్నాడు పొద్దున దోసెల్లోకి మిగలాలని నేనూ తమ్ముడూ గిన్నెకు కాపలా కాసేవాళ్లం. అత్త మాత్రం ఆ పులుసు ముట్టేది కాదు.

ఆమెకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ముందు వాకిట్లో ముగ్గు వేయకూడదు. అది అంగడికి వచ్చేవాళ్లు నడిచే చోటు కాబట్టి, మొగుడు పోయిన చెయ్యి అక్కడ పడకూడదని అవ్వ పట్టు. కన్నకూతురని కూడా చూడలేదు. అందుకని ముందు వాకిట్లో అమ్మ వేసేది, అత్త పెరట్లో బావి దగ్గర వేసుకునేది. ఇందులో అన్యాయం ఎంతంటే, మా అమ్మ ముగ్గు వేస్తే కోడి గీరినట్టుండేది. పాపం, ఆమే ఒప్పుకొనేది. అత్తది మెలికల ముగ్గు. ముందు చుక్కలు పెట్టి, ఒకచోట పిండి వదలడం మొదలుపెట్టిందంటే ఆ గీత చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, తన మీద నుంచి తానే దాటి, మొదలైన చోటికే వచ్చి కలిసేది. మధ్యలో చెయ్యి ఎత్తేదే లేదు. ఆ గీత దారి తప్పకుండా తిరిగి వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. చూసేది నేనూ, బావి మీది కాకులూ, అంతే. మధ్యాహ్నానికి చీమలు పిండి మోసుకుపోయేవి. బట్టలుతికిన నీళ్లు మిగిలింది కడిగేసేవి. నేను ఏడుపు మొహం పెడితే, "తొక్కేదానికే గదమ్మా ముగ్గు" అని నవ్వేది అత్త.

ఆ ఎండాకాలం నాయన సరుకు కోసం మద్రాసు వెళ్లి, మనిషి మనిషిగా తిరిగి రాలేదు. అక్కడ ఏదో కాఫీ హోటలు మీద గాజు గొట్టంతో చేసిన చెంబును చూశాడట.

"లోపల వత్తి లేదు, తీగ లేదు. ఒట్టి గాలి లాంటిది ఎర్రంగా వెలగతా ఉండాది. పైగా గిరగిరా తిరగతా ఉండాది!" అని చెబుతూ చేతిలో మజ్జిగ గ్లాసును కూడా తిప్పాడు. సగం చొక్కా మీద పోయింది.

"గాలి వెలగడమేందిరా? ఎండదెబ్బ గానీ కొట్టిందా?" అంది అవ్వ.

మన అంగడి మీద అలాంటి చేపను పెడతానని నాయన ఆ సాయంత్రమే బజారంతా చెప్పేశాడు. చెప్పాక ఇంక వెనక్కి ఎలా తగ్గుతాడు? ఆయన కనపడితే చాలు, "ఏమన్నా, చేప మద్రాసు నించి ఈదుకుంటా వస్తా ఉండాదా?" అని అడగడం అందరికీ కాలక్షేపమైంది.

చేసిన గొట్టాలను లారీలో తెస్తే దారి గుంతలకు పగులుతాయని, గాజు వంచే మనిషే తన సామానుతో వచ్చి మా వలల కొట్టంలో దిగాడు. అరవాయన. బక్కపలచని మనిషి. మంట దగ్గర కాలీ కాలీ కనుబొమలు సగమే మిగిలాయి. మేం ఆయనను గాజాయన అనేవాళ్లం. కాలితో తిత్తి తొక్కుతూ, నీలం మంట మీద గాజు గొట్టాన్ని రెండు చేతులతో తిప్పేవాడు. తగిలితే పగిలే గాజు కాసేపటికి ముదురు పాకంలా వంగేది. వంగిన చోట గొట్టం నొక్కుకుపోకుండా, ఒక కొసకు సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండో కొసను పళ్ల మధ్య పెట్టుకొని మెల్లగా ఊదేవాడు. సముద్రం మీది గాలి లేచిందంటే మంట వణికేది. అందుకని తెల్లవారుతూనే పని మొదలుపెట్టి, గాలి తిరిగేలోపల ఆపేసేవాడు. మిగిలిన పొద్దు అత్త పెట్టిన చారు తాగి, వలల మీద నిద్రపోయేవాడు.

ఆ ఊదడం చూసి నాకు మహా ఆశగా ఉండేది. ఒకరోజు గొట్టం మంట మీద ఉండగానే ఆయనకు తుమ్ము వచ్చి, నోట్లోని రబ్బరు గొట్టం జారిపోయింది. చేతులు ఖాళీ లేక, అందుకొమ్మని నాకు కళ్లతో సైగ చేశాడు. అంటే తీసి తన నోటికి అందించమని. నేను అందుకొని, నా నోట్లో పెట్టుకొని, ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను. గాజు బూరెలా ఉబ్బి టప్పుమని పగిలిపోయింది. పెద్ద గొట్టాల కట్ట పక్కకు దొర్లి, దానిలోనూ సగం పోయాయి. గాజాయన నన్ను తిట్టలేదు. మిగిలిన గొట్టాలు లెక్కపెట్టుకొని, "పాపా, ఇంక ఒక్క చేపకే గాజు ఉండాది" అన్నాడు. నాయన మాత్రం నా చెవి పట్టుకొని కొట్టం బయటిదాకా తీసుకుపోయాడు.

అసలు చిక్కు బొమ్మ దగ్గర వచ్చింది. సినిమా బోర్డులు రాసే ఆర్టిస్టుతో నాయన చేప బొమ్మ వేయించాడు. పొలుసులు, మీసాలు, నవ్వుతున్న మూతి, కంటికి రెప్పవెంట్రుకలు కూడా. గాజాయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది పెన్సిల్ పని సార్. గాజుకు ఒకే గీత కావాల. ఈ కొసలో కరెంటు దూరతాది, ఆ కొసలో బయటికి వస్తాది. నడమ ఎత్తేదానికి లేదు."

ఆయనే ఒకే గీతతో ఒక చేపను సుద్దముక్కతో నేల మీద గీశాడు. పాలెం నుంచి మా అంగడికి ఎప్పటి నుంచో వచ్చే పెద్దాయన ఒకాయన దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

"ఇదేం చేప నాయనా? కాకరకాయకు తోక పెట్టినట్టుండాదే! దీన్ని నెత్తిన పెట్టుకుంటే నీకాడ వల కొనేదెవురు?"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. గాజాయనకు ఇంకో ఊళ్లో పని ఉంది. ఆ వారం దాటితే ఉండేదానికి వీల్లేదని చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన వేపపుల్ల నములుతూ పెరట్లోకి వచ్చాడు. నేను బావిగట్టు మీద కూర్చొని ఉన్నాను. ఆ రోజు అత్త వేసింది చేపల ముగ్గు. గాజాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. నోట్లో పుల్ల కదలలేదు. తరువాత ఆ కాలును మెల్లగా వెనక్కి పెట్టి, గొంతుక్కూర్చొని, వేలితో గాల్లోనే ఆ గీత వెంట వెళ్లాడు. తోక దగ్గర మొదలై, పొట్ట, మూతి, వీపు, ఒక్కో చుక్క చుట్టూ తిరిగి మళ్లీ తోక దగ్గరికి. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఎవరు పాపా ఇది?" అన్నాడు. గుడిలో మాట్లాడినంత మెల్లగా అడిగాడు.

నేను వంటింటి వైపు చెయ్యి చూపించాను. మా అత్త ముగ్గు ముందు ఒక పెద్దమనిషి అలా మోకాళ్లు ముడుచుకొని కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు గర్వంతో ఏడుపు వచ్చింది.

అత్త గీసే చేపనే గాజుతో చేస్తానన్నాడు గాజాయన. కానీ అవ్వ ఒప్పుకోవాలి కదా. సంగతి వినగానే గయ్యిమని లేచింది.

"వాకిట్లోనే వద్దన్నానే! ఇప్పుడు దాని చెయ్యి అంగడి నెత్తిన పెడతారా?"

"ముగ్గు కాదమ్మా, ఒట్టి బొమ్మ" అని నాయన సర్దబోయాడు.

గాజాయనకు అబద్ధం చేతకాదు. "ముగ్గే అవ్వా. కొసలు రెండూ మాత్రం కలపకూడదు" అనేశాడు.

అవ్వకు ఇంకేం కావాలి? "విన్నావా? కొసలు కలవని ముగ్గంట! ఆ సందులో నించే గదా ఇంట్లో ఉండే లచ్చిమి వెళ్లిపొయ్యేది!"

తలుపు చాటున నిలబడిన అత్త అప్పుడు నోరు విప్పింది. "అమ్మ చెప్పింది నిజమే తమ్ముడా. కలపకుండా నాకు చెయ్యి రాదు."

నాకు అందరికంటే అత్త మీదే కోపం వచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు అడిగితే తానే కాదంటుందా!

గాజాయన కొట్టంలోకి పోయి ఒక పురికొస ముక్క తెచ్చాడు. అవ్వ ముందు నేల మీద చేపలా పరిచాడు. తోక దగ్గర కొసలు రెండూ కాస్త ఎడంగా ఉన్నాయి. ఆ రెంటినీ తన వేళ్లతో తాకి పట్టుకున్నాడు.

"చూడండవ్వా. గాజు ఈడ ఆగతాది. గీత ఆగదు. ఈ కొస నించి తీగలో పడి, కరెంటు ఇనప్పెట్టెలో దూరి, ఆ కొసకు వస్తాది. మన కంటికి ఆనదు, అంతే. చుట్టు పూర్తి కాకపోతే వెలగనే వెలగదు. కలిస్తేనే వెలుగు."

అవ్వ వంగి ఆ పురికొసను చూసింది. "అయితే వెలిగితే కలిసినట్టా?"

"కలిసినట్టే."

"వెలక్కపోతే?"

"దించేసి నా దారిన నేను పోతా."

"నువ్వు పోతావు సరే. వెలక్కపోతే ఇంక దాని ముగ్గు పెరట్లో కూడా పడేదానికి లేదు. ఒప్పుకుంటే కానీండి."

నాయన అత్త వైపు చూశాడు. అత్త ముగ్గు డబ్బా తీసుకొని, కొంగు దోపుకొని కొట్టంలోకి నడిచింది. ఉన్నది ఒక్క చేపకే గాజు. ఆ మిగతా గాజును ఊది పగలగొట్టింది నేను. అది వెలక్కపోతే అత్తకు ఆ బావి దగ్గర నాలుగడుగుల నేల కూడా లేకుండా పోతుంది.

గాజు మీద గాజు ఎక్కి దాటడం కష్టమని, నాలుగుకంటే ఎక్కువ దాట్లు వద్దన్నాడు గాజాయన. అత్త చుక్కలు పెట్టింది, చెరిపింది, మళ్లీ పెట్టింది. నాలుగు దాట్లతో చేప నేల మీద లేచింది. పాలెం పెద్దాయన వచ్చి చూసి, ఈసారి ఏమీ ఎగతాళి చేయలేదు. "ఇది నీళ్లలో ఉండే చేప" అన్నాడు, అంతే.

మూడు పొద్దులు గాజాయన ఆ గీత మీద గాజు వంచాడు. అత్త గుమ్మంలో కూర్చొని చూసేది. మొదట్లో కొంగు నిండా కప్పుకొని, తరువాత మరిచిపోయి. ఒకసారి ఆయన ఆగి, "ఊపిరి ఆపి గీస్తారా అమ్మా?" అని అడిగాడు. "లేదు నాయనా, వదలతా గీస్తా. ఆపితే గీత వణకతాది" అంది. ఆయన మొహం విప్పారింది. "నేనూ అంతే. ఊదతానే వంచాల" అన్నాడు. వాళ్లిద్దరూ ఒకే పని చేసే మనుషులని నాకు అప్పుడు తెలిసింది. మా ఇంట్లో అత్తను పని గురించి అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు.

నాయన సైకిలు షాపులో గొలుసు, పళ్లచక్రాలు తెచ్చి మోటారుకు బిగించాడు. చేప మెల్లగా తిరగాలని వాటితో నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. తిరిగే స్తంభానికి కరెంటు అందడానికి ఇత్తడి కడియాలు కంచరాయన పోసి ఇచ్చాడు. గాజాయన గొట్టంలోని గాలంతా పంపుతో లాగేసి, ఒక గాజు బుడ్డిలో తెచ్చిన నియాన్ అనే వాయువును చిటికెడంత వదిలి, మూతి కరిగించి మూసేశాడు. చివరగా తోక దగ్గర, కొసలు వెనక్కి మడిచిన చోట నల్లరంగు పూశాడు.

"అక్కడ వెలగదా?" అన్నాను.

"వెలగతాది పాపా. మనకు కనపడకుండా పైన పూత పూస్తా ఉండా."

నేను అత్త వైపు చూశాను. ఈమె కూడా అంతే కదా అనిపించింది. నిజంగా ఆ రోజే అనిపించిందా, ఇన్నేళ్లలో నేను కలుపుకున్నానా, ఇప్పుడు చెప్పలేను.

చేపను మిద్దె ఎక్కించిన సాయంత్రం బజారంతా మా అంగడి ముందే ఉంది. పాలెం వాళ్లు బండ్లు ఆపుకొని నిలబడ్డారు. ఎండుచేపల గంపలతో ఆడవాళ్లు, ఆగిన బస్సు కిటికీల్లో తలకాయలు. అవ్వ అంగడి అరుగు మీద కుర్చీ వేయించుకొని కూర్చుంది. అత్త రాలేదు. పెరట్లో బావి దగ్గరే నిలబడింది. నేను అంగడిలో గుండా ముందుకూ వెనక్కూ పరుగులు తీస్తున్నాను.

పొద్దు వాలింది. నాయన స్విచ్ వేశాడు. చేప తిరగడం మొదలుపెట్టింది కానీ వెలగలేదు. గాజాయన మిద్దె మీద ఏదో బిగించాడు. మళ్లీ వేశారు. తోక దగ్గర ఎర్రటి నూలుపోగు ఒకటి మెరిసి ఆరిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ కుర్చీలో ముందుకు వంగింది. నేను పెరట్లోకి పరుగెత్తి అత్త చెయ్యి పట్టుకున్నాను.

మూడోసారి వెలిగింది.

ఆ రంగు నేను ఎలా చెప్పను? పొయ్యిలో నిప్పు రంగు కాదు, పొద్దుగుంకే రంగు కాదు. రోజూ చీమలు మోసుకుపోయే గీత ఆకాశానికి ఆనుకొని, ఎక్కడా తెగకుండా, ఎర్రగా వణుకుతూ నిలబడింది. చేప మెల్లగా బజారు వైపు తిరిగింది. సన్నగా గీతంత అయింది. మళ్లీ విప్పుకొని మా పెరటి వైపు తిరిగింది. ఆ వెలుగు పడి అత్త మొహం ఎర్రబడింది. "కలిసింది" అంది అత్త, నాతో కాదు.

నేను ముందుకు పరుగెత్తాను. అప్పుడు అవ్వ కుర్చీలో నుంచి లేచింది. రోజూ ఇంట్లో దీపం వెలిగించగానే అనే మాటే, అలవాటుగానే అనేసింది.

"దీపం పెట్టినారు. దండం పెట్టుకోండి."

అని తను చేతులు జోడించింది. నాయన జోడించాడు. పాలెం పెద్దాయన తలగుడ్డ తీసి జోడించాడు. గంపలు దించి ఆడవాళ్లు, బస్సు కిటికీల్లో ఉన్నవాళ్లు, అందరూ. అదేదో కొత్తగా వెలసిన దేవుడనుకొని ఒకావిడ బస్సు దిగి మా అరుగు మీద టెంకాయ కొట్టింది. వద్దని ఆపడానికి నాయనకు నోరు రాలేదు. మేం ఆ టెంకాయ ముక్కలు నములుకుంటూ చేపను చూశాం.

మర్నాడు తెల్లవారుజామున అవ్వ బావి దగ్గరికి వచ్చింది. ముగ్గు డబ్బా తీసుకొని పోయి ముందు గడప మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. అత్త కొంగు దోపుకొని ఆ డబ్బా అందుకుంది. ఆ రోజు మొదలు, చేతులు వణకడం మొదలయ్యేదాకా ముందు వాకిలి అత్తదే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అవ్వ, నాయన అంతకుముందే పోయారు. గాజాయన మళ్లీ మా ఊరు రాలేదు. ఆయన పేరు కూడా మేం అడగలేదు.

మొన్న నేను చేపను తుడుస్తుంటే కొత్త బోర్డు కుర్రవాడు పక్కన కూర్చొని, "ఇందులో ఎన్ని లైట్లు మేడమ్?" అని అడిగాడు.

"ఒక్కటీ లేదు నాయనా. అంతా ఒకటే గీత" అన్నాను.

వాడి యజమాని నెల్లూరులో పాతకాలం నుంచి ఈ పని చేస్తున్న మనిషి. ఆయనకు సరదా పుట్టింది. వ్యానులో నుంచి ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ దించి, తోక దగ్గర కొసలకు తీగలు తగిలించాడు. "అక్కా, అది చచ్చి ఎన్నేళ్లయింది? ఏం వెలగతాది?" అన్నాడు తమ్ముడు. చేప మొదట వెలిగిన నాటికి వాడు మరీ చిన్నవాడు. ఆ సాయంత్రం వాడికి గుర్తు లేదు.

స్విచ్ వేశారు. ఏమీ లేదు. చిన్నగా జుమ్మని చప్పుడు వచ్చింది. తోక దగ్గర నూలుపోగంత ఎరుపు కదిలింది. అది పొట్ట వెంట పాకి, మూతి చుట్టి, వీపు మీదుగా వచ్చి, నాలుగు మెలికలూ దాటి, మళ్లీ తోక దగ్గరికి చేరింది. గోనెసంచుల మీద పడుకున్న చేప నిండా వెలిగింది.

కుర్రవాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. తమ్ముడు ఏదో అడుగుతున్నాడు కానీ నాకు వినపడలేదు. ఇన్నేళ్లలో మా అత్త గీత ఎక్కడా తెగలేదు. నేను ఆ నడిబజారులో నిలబడి, చేతులు జోడించి దండం పెట్టుకున్నాను.